రేవు దారి ఎవరిది?

మా ఊరి కాలవ రేవుకి ఇనుప గేటు పెట్టినప్పుడు ఊళ్లో ఎవరూ కాదనలేదు. అంతకుముందు ఏడాది ఓ పిల్లాడు మెట్ల మీద పాచికి జారి నీళ్లలో పడ్డాడు. పక్కనే బట్టలుతుకుతున్న ఆవిడ చూసి జుట్టు పట్టుకుని లాగింది కాబట్టి బతికాడు. ఆ తర్వాత మెట్లకు రెయిలింగ్ వేశారు, పైన టైల్స్ పరిచారు, నాలుగు సిమెంటు బల్లలు కట్టారు, చివర్న గేటు పెట్టారు. కొబ్బరికాయ కొట్టి అందరికీ బూందీ పంచారు. రేవు బాగుపడిందనే అనుకున్నాం.

ఆరు నెలలకు ఆ గేటుకి తాళం పడింది. రాత్రిళ్లు తాగేవాళ్లు చేరుతున్నారన్నారు. నిజమే, చేరేవారు. కొన్నాళ్లేలే అన్నారు. ఈలోగా కార్తీకమాసం వచ్చింది. తెల్లవారుజామున అరటిదొప్పల్లో దీపాలు వదలడానికి వచ్చిన ఆడవాళ్లు గేటు బయట నిలబడిపోయారు. తాళంచెవి పంచాయతీలో ఉందని ఒకరన్నారు, కాలవ నీళ్లు చూసే లస్కరు దగ్గరుందని ఒకరన్నారు, గుడిలో పూజారి గారి దగ్గరుందని ఇంకొకరన్నారు. చివరికి గట్టు మీద నుంచి వంగి, జారే మట్టిలో కాలు ఆనించి దీపాలు వదిలారు. ఎవరూ జారిపడకూడదని రెయిలింగ్ వేసిన మెట్లేమో లోపల ఖాళీగా ఉన్నాయి.

ఆ తాళంచెవి కోసం మేం కొంతమందిమి మూడేళ్లు తిరిగాం. ఆ తిరగడంలో ఎవరి దగ్గర ఏ కాగితం ఉంటుందో, ఏ చట్టం ఎంతవరకు పనికొస్తుందో నెమ్మదిగా అర్థమైంది. గోదావరి డెల్టాలో ప్రతి ఊరికీ ఇలాంటి చోటు ఒకటి ఉంటుంది. రేవో, చెరువుగట్టో, లాకుల దగ్గర రావిచెట్టు అరుగో, శ్మశానం దారో, పాత సత్రమో. అది మూసుకుపోతున్నప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చాలామంది ఊరుకుంటారు. వాళ్ల కోసం రాస్తున్నాను.

ముందుగా ఒక మాట చెప్పాలి. చోటును కాపాడటం ఒక పని, దాన్ని తెరిచి ఉంచడం ఇంకో పని. ఈ రెండూ ఒకటేనని మేం చాలాకాలం అనుకున్నాం. అధికారుల దగ్గరకు వెళ్లి "రేవును కాపాడండి" అని అడిగితే వాళ్లకు మొదట తోచేది కంచె, గేటు, బోర్డు. కాపాడమని మేమే అడిగాం, కాపాడి తాళం వేశారు. ఎవరూ రాకపోతే ఏ చోటూ పాడవదు, కాపలా మనిషి కూడా అక్కర్లేదు, కాబట్టి ఆఫీసుకి మూసెయ్యడమే తేలిక. తెరిచి ఉంచాలంటే దీపం వెయ్యాలి, పాచి గీకాలి, ఎవరైనా పడితే జవాబు చెప్పాలి. అందుకే రెండో కోర్కెను విడిగా, పేరుపెట్టి అడగాలి. లేకపోతే మొదటిది తీర్చి మనల్ని పంపేస్తారు.

దీనికి పెద్ద ఉదాహరణ గోదావరి మీదే ఉంది. రాజమహేంద్రవరంలో పాత రైలు వంతెన, హేవలాక్ వంతెన అంటారు. 1897 నవంబరులో పని మొదలుపెట్టి 1900 ఆగస్టు 30న రైళ్లకు తెరిచారు. 56 స్పాన్లు, రెండు ముప్పావు కిలోమీటర్ల పొడవు. అంతకుముందు కాశీలో గంగ మీద వంతెన కట్టించిన వాల్టన్ అనే ఇంజనీరు దీన్ని కట్టించాడు. అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. దాదాపు వందేళ్లు హౌరా, మద్రాసు రైళ్లు దాని మీదుగా గోదావరి దాటాయి. 1997లో దాన్ని విరమింపజేశారు. మా నాన్నగారి తరం వాళ్లకి వంతెన మీద రైలు చప్పుడు మారగానే కిటికీలోంచి చిల్లర డబ్బులు గోదాట్లోకి విసరడం అలవాటు. ఇప్పటికీ ఆ చప్పుడు గురించి చెబుతారు.

అప్పటినుంచి ఆ వంతెన నిలబడే ఉంది, మనుషులకు మాత్రం మూసే ఉంది. దాన్ని ఉంచాలి, నడిచేందుకు తెరవాలి అని రాజమహేంద్రవరంలో జనం ఏళ్ల తరబడి అడుగుతూ వస్తున్నారు. ఇన్నేళ్లు ఎందుకు పట్టిందో అర్థం కావాలంటే ఎన్ని చేతుల్లో ఉందో చూడాలి. వంతెన కట్టింది, నడిపింది రైల్వే. కింద పారే నది జలవనరుల శాఖ చూసుకునేది. ఒక కొస రాజమహేంద్రవరం నగరంలో ఉంది, రెండో కొస కొవ్వూరు వైపు. 2022 ఏప్రిల్ దాకా ఆ రెండు కొసలు రెండు వేర్వేరు జిల్లాలు కూడా. పర్యాటకానికి డబ్బిచ్చేది మరో శాఖ. ఇంతమందిలో ఏ ఒక్కరు కాదన్నా పని ఆగుతుంది, ఏ ఒక్కరు అవునన్నా పని కాదు. 2025 జూన్ 26న శంకుస్థాపన జరిగిన అఖండ గోదావరి పథకంలో, 94.44 కోట్ల రూపాయలతో, పుష్కర ఘాట్‌తో పాటు ఈ వంతెన అభివృద్ధిని కూడా చేర్చారు. నాకు నిజంగా సంతోషం వేసింది. కానీ అడగాల్సినవి ఇప్పుడే అడగాలి. నడక ఉచితమా, టికెట్టా? పొద్దున్న ఎన్నింటికి తెరుస్తారు? సైకిలు మీద వెళ్లొచ్చా? కొవ్వూరు వైపు నుంచి ఎక్కనిస్తారా? డిజైన్ అయిపోయాక ఇవి అడిగితే ఎవరూ వినరు. ప్రాజెక్టు నివేదిక నకలు సమాచార హక్కు కింద ఎవరైనా అడగొచ్చు, పని మొదట్లోనే అడగాలి.

మూడు ముక్కల రేవు

మా రేవు అంత పెద్దది కాదు. పదకొండు రాతి మెట్లు, ఓ రావిచెట్టు, పక్కన పెంకుల మండపం. అయినా దాని కథ కూడా అచ్చం అదే. చూడటానికి ఒకే చోటు, కాగితం మీద మూడు ముక్కలు.

మెట్లు కాలవ పోరంబోకులో ఉన్నాయి. అంటే జలవనరుల శాఖవి. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టి, అక్కడినుంచి కాలవలు తవ్వినప్పుడు గట్లతో సహా ప్రభుత్వం తీసుకున్న భూమి అది. ఈ కాలవలు అప్పట్లో పొలాలకు నీళ్లివ్వడానికే కాక పడవలు తిరగడానికి కూడా. ధాన్యం, కొబ్బరి, కలప, పెళ్లివాళ్లు అన్నీ పడవల మీదే. లాకుల దగ్గర నీటిమట్టం సరిచేసేదాకా పడవ ఆగాలి కాబట్టి అక్కడ చెట్టు, అరుగు, కొట్టు వెలిశాయి. రేవులు, లాకులు అప్పటి బస్టాండ్లు. ఊరి మధ్యలో ఉన్న స్థలం ఇప్పటికీ ఇరిగేషన్ వాళ్లది ఎందుకయిందని చాలామంది అడుగుతారు, కారణం ఇదే.

రేవుకి వెళ్లే దారి, మేం పుంత అంటాం, అది పంచాయతీది. పక్కన మండపం దేవాదాయ శాఖ కింద ఉన్న గుడిది. అందుకే తాళంచెవి ముగ్గురి దగ్గర ఉందన్నారు. ముగ్గురూ అబద్ధం చెప్పలేదు. ఎవరి ముక్కకు వాళ్లు బాధ్యులు, గేటుకు ఎవరూ కారు.

పోరంబోకు అన్న మాట మన నోట్లో తిట్టు అయిపోయింది. నాకు బాధగా ఉంటుంది. పన్ను లెక్కకు బయట పెట్టిన భూమి అని దాని అసలు అర్థం. ఎవరి పేరా పట్టా ఇవ్వకుండా, శిస్తు వెయ్యకుండా, ఊరందరి అవసరానికి పక్కన పెట్టినది. పశువులు మేసే బీడు, కళ్లాలు, శ్మశానం, బండ్లు ఆగే చోటు, తోపులు ఇలాంటివి. 1994 పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ ఇలాంటి పోరంబోకులు, ప్రభుత్వానికి వేరే అవసరం లేనంతవరకు, గ్రామ పంచాయతీకి చెందుతాయని చెబుతుంది. కానీ అదే సెక్షన్‌లో ఇంకో మాట కూడా ఉంది. ఫలానా పనికి కావాలని గెజిట్‌లో ప్రకటిస్తే ప్రభుత్వం వాటిని వెనక్కి తీసుకోవచ్చు. కాబట్టి "పంచాయతీది కదా, ఎవరేం చేస్తారులే" అని ధీమాగా ఉండకూడదు. ఆ ప్రకటన ఎప్పుడొస్తుందో కనిపెట్టి ఉండాలి, గ్రామసభలో అడుగుతూ ఉండాలి. పంచాయతీ ఆస్తుల రక్షణకు 2011లో ప్రత్యేక నియమాలు వచ్చాయి. ఆస్తుల రిజిస్టరు రాయడం, ఆక్రమణ జరిగితే తొలగించడం పంచాయతీ బాధ్యత అని వాటిలో ఉంది. మా ఊళ్లో ఆ రిజిస్టరు చూపించమని అడిగితే వెతికి తీయడానికి రెండు వారాలు పట్టింది. అందులో మా పుంత ఒక్క గీతలో ఉంది, కొలతలు లేవు.

ఇక ఘాట్ పురాతనమైనది కదా, పురావస్తు శాఖ చూసుకోదా అని అడుగుతారు. వయసు ఒక్కటే చాలదు. 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కట్టడాన్ని జాతీయ ప్రాముఖ్యం ఉన్నదని ప్రకటించవచ్చు. ముందు రెండు నెలల గడువుతో నోటీసు ఇచ్చి, అభ్యంతరాలు విని, ఆ తర్వాత ప్రకటించాలి. ద్రాక్షారామం, సామర్లకోట భీమేశ్వరాలయాలు అలా కేంద్ర రక్షణలో ఉన్నాయి. ఊరి రేవులు, లాకులు, టౌన్ హాళ్లలో చాలావాటికి అలాంటి రక్షణ ఏదీ లేదు. ఉంటే బాగుండునని మొదట్లో నేనూ అనుకున్నాను. తర్వాత కాస్త ఆలోచించాను. 2010 సవరణ తర్వాత రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, దాని తర్వాత ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ నీడకు రేకులు వెయ్యాలన్నా అనుమతుల చుట్టూ తిరగాలి. గొప్ప శిల్పాలకు ఆ కట్టుబాటు అవసరం. రోజూ బట్టలుతికే రేవుకి అది కొత్త తాళం అవుతుందేమోనని నా భయం.

కాగితాల వేట

మా పోరాటం మలుపు తిరిగింది గేటు దగ్గర కాదు, పుంత దగ్గర. గేటు గొడవలో ఉండగానే పుంత పక్క స్థలం చేతులు మారింది. కొత్తగా కొన్నాయన ప్రహరీ కట్టడం మొదలుపెట్టాడు. రెండు బండ్లు పక్కపక్కన పోయే దారి ఒక ట్రాక్టరు కూడా పట్టనంత సన్నబడింది. ఆయన మంచివాడే. డబ్బు పెట్టి కొన్నాడు, తనకు చూపించిన హద్దులోనే కట్టుకుంటున్నానంటాడు. ఆయన్ని దొంగను చేసి మాట్లాడి ఉంటే ఊరు రెండు ముక్కలయ్యేది.

ఏ కాగితాలు చూడాలో చెప్పింది ఒక రిటైరైన సర్వేయర్ గారు. ఆయన చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తాను. ఊరు పాతకాలం నుంచి రైతువారీ ఊరైతే, అంటే రైతులే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టిన ఊరైతే, ఆర్‌ఎస్‌ఆర్ అనే రీసెటిల్‌మెంట్ రిజిస్టరు అడగాలి. ఒకప్పుడు జమీందారీ కింద ఉన్న ఊరైతే, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సెటిల్‌మెంటులో రాసిన ఫెయిర్ అడంగల్, దాన్నే ఎస్‌ఎఫ్‌ఏ అంటారు, అది అడగాలి. ఫలానా సర్వే నంబరు పట్టానా, పోరంబోకా, పోరంబోకైతే బాటా, కాలవా, చెరువా అన్నది వాటిలో ఉంటుంది. ఆ నంబరు కొలతలతో గీసిన పటం ఎఫ్‌ఎంబీ. గ్రామపటంలో పుంత రెండు గీతలుగా కనబడుతుంది. గ్రామపటం, ఎఫ్‌ఎంబీ మీభూమి వెబ్‌సైట్‌లో కొంతవరకు దొరుకుతాయి. దొరకనిది సమాచార హక్కు కింద అడగాలి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండల ఆఫీసుకి 5 రూపాయలు, ఆపై ఆఫీసులకు 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలు చేసుకోవాలి. మాకు ఎఫ్‌ఎంబీ నకలు మొదటి దరఖాస్తుకు రాలేదు, అప్పీలు చేశాక వచ్చింది.

ఆ సర్వేయర్ గారే చెప్పిన ఇంకో సంగతి మాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది. దస్తావేజుల్లో హద్దులు చూడమన్నారు. మన దగ్గర ఏ స్థలం రిజిస్ట్రేషన్ చేసినా చివర్న నాలుగు హద్దులు రాస్తారు కదా. తూర్పున ఫలానావారి దొడ్డి, దక్షిణాన ఫలానావారి పొలం అని. పుంతకు ఆనుకున్న ప్రతి స్థలం పాత దస్తావేజులోనూ ఒక పక్క "రేవు పుంత" అని ఉండి తీరాలి. పుంత లేదనేవాడు తన స్థలం హద్దు ఎక్కడిదో చెప్పలేడు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఫీజు కట్టి, పాత దస్తావేజుల సర్టిఫైడ్ నకళ్లు తీశాం. ఒకదానిలో కాదు, నాలుగు తరాల కాగితాల్లో అదే మాట. "ఉత్తరం: కాలవ రేవుకు పోవు పుంత." ప్రహరీ కడుతున్నాయన దస్తావేజులో కూడా అదే ఉంది. ఆయనకు మేం తీసుకెళ్లి చూపించాం. ఆయన చాలాసేపు చదివి, "మరి నాకు చూపించిన గజాలు ఎక్కడికి పోయాయండీ?" అన్నాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అమ్మినవాళ్లు పుంతను కలుపుకుని కొలిచి చూపించారు. ఆయన కూడా నష్టపోయినవాడే. ఆ రోజు నుంచి ప్రహరీ పని ఆగింది.

ఊరి చోట్లు పోయేది గోడ లేచిన రోజున అనుకుంటాం. చాలాసార్లు అవి అంతకు ముందే కాగితంలో పోతాయి. పోరంబోకు నంబరు ఎవరి పేరునో అడంగల్‌లోకి, అంటే ఊరి భూముల లెక్కలోకి ఎక్కుతుంది, లేదా రెండు నంబర్లు కలిపి కొలుస్తారు, లేదా పటం మళ్లీ గీసినప్పుడు సన్నటి గీత మాయమవుతుంది. ఇప్పుడు ఇది మరీ ముఖ్యం. 2020 డిసెంబరులో రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. పాత సర్వే నంబర్లు, ఎఫ్‌ఎంబీలు పోయి కొత్త పటాలు వస్తున్నాయి. ఎవరి పొలం దగ్గర వాళ్లు నిలబడి హద్దు చూపించుకుంటారు. పుంత దగ్గర, రేవు దగ్గర ఎవరు నిలబడతారు? మీ ఊళ్లో ఆ సర్వే ఇంకా జరగకపోతే, కొలతకు వచ్చే రోజు తెలుసుకుని నలుగురైనా పాత గ్రామపటం పట్టుకుని అక్కడ ఉండాలి. ఆ ఒక్క పూట చేసే పని తర్వాత పదేళ్ల కోర్టు ఖర్చు తప్పిస్తుంది.

చట్టం చెప్పేది

కోర్టులు ఈ విషయంలో ప్రజల వైపు చాలా గట్టిగా మాట్లాడాయి. నదులు, తీరాలు, అడవుల లాంటివి ప్రభుత్వం సొంత ఆస్తులు కావు, ప్రజల తరఫున ధర్మకర్తగా మాత్రమే వాటిని పెట్టుకోవాలి అని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో బియాస్ నది కేసులో చెప్పింది. బెంగళూరులో పార్కుకని వదిలిన స్థలాన్ని నర్సింగ్ హోమ్‌కు ఇస్తే, 1991లో అదే కోర్టు కుదరదంది. ఆ కేసు వేసింది ఆ చుట్టుపక్కల ఉండేవాళ్లే, వేసే హక్కు వాళ్లకుందని కోర్టు ఒప్పుకుంది. 2011 జనవరి 28న పంజాబ్‌లోని రోహర్ జాగీర్ అనే ఊరి చెరువు కేసులో వచ్చిన తీర్పు ఇంకా సూటిగా ఉంటుంది. చెరువును పూడ్చి ఇళ్లు కట్టుకున్నవాళ్ల దగ్గర డబ్బు కట్టించుకుని క్రమబద్ధం చేద్దామన్నారు. కోర్టు ఒప్పుకోలేదు. ఎన్నేళ్లుగా ఉన్నా, ఎంత ఖర్చుపెట్టి కట్టినా, రాజకీయంగా ఎంత పలుకుబడి ఉన్నా అవి సాకులు కావంది. ఊరుమ్మడి భూముల నుంచి ఆక్రమణలు తొలగించే పథకం తయారు చేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది.

ఈ తీర్పును చేతబట్టుకుని డెల్టాలో కాలవగట్ల మీద గుడిసెలు వేసుకున్న పేదల మీదకు వెళ్లేవాళ్లను చూశాను. అది నాకు అస్సలు నచ్చదు. ఆ తీర్పులోనే భూమిలేని కూలీలకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం ఇచ్చినచోట, బడి, ఆసుపత్రి లాంటివి ఉన్నచోట మినహాయింపు ఉంది. గట్టు మీద తరాలుగా బతుకుతున్నవాళ్లు రేవుకి అడ్డం కాదు. చాలా ఊళ్లలో రేవును శుభ్రంగా ఉంచింది వాళ్లే. మా ఊళ్లో పిల్లాణ్ని లాగి బతికించినావిడ ఇల్లు కూడా గట్టు మీదే.

తీర్పులు ఎంత బలంగా ఉన్నా ఆలస్యం అయితే ఏమవుతుందో మన దగ్గరి కేసే చెబుతుంది. తిరుపతి దగ్గర అవిలాల, పేరూరు చెరువుల భూములను ఇళ్ల కోసం కేటాయిస్తే అక్కడి ఇంటెలెక్చువల్స్ ఫోరం కోర్టుకెళ్లింది. హైకోర్టులో ఓడిపోయింది. 2006లో సుప్రీంకోర్టు ప్రభుత్వం ధర్మకర్తేనని ఒప్పుకుని, ఇకపై కట్టడాలు వద్దంది. కానీ అప్పటికే కట్టిన ఇళ్లను పడగొట్టమనలేదు, వాననీటిని ఇంకించే ఏర్పాట్లు చేయమంది. గెలిచారు, చెరువు మొత్తం తిరిగి రాలేదు. అందుకే పునాది తవ్వుతున్నప్పుడే పట్టుకోవాలి.

పెద్ద కోర్టుదాకా పోకుండానే వాడుకోగల దారులు రెండు ఉన్నాయి. వీటి గురించి ఊళ్లలో తెలిసినవాళ్లు తక్కువ. జనం నడిచే దారికి, వాడుకునే కాలవకు ఎవరైనా అడ్డం పెడితే, తీసేయమని షరతులతో ఉత్తర్వు ఇచ్చే అధికారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు ఉంది. పాత నేర ప్రక్రియా స్మృతిలో 133వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త స్మృతిలో 152వ సెక్షన్. ఆ మేజిస్ట్రేటు హోదా ఉన్న ఆర్డీవో దగ్గరకు ఆ సెక్షన్ పేరుతో అర్జీ పెడితే అది మామూలు వినతిపత్రంలా మూలన పడదు. రెండోది సివిల్ ప్రొసీజర్ కోడ్ 91వ సెక్షన్. తమకు సొంతంగా నష్టం జరగకపోయినా ఇద్దరు పౌరులు కలిసి, కోర్టు అనుమతితో ప్రజల ఇబ్బంది మీద దావా వేయొచ్చు. ప్రభుత్వ భూమే అయితే 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద తహసీల్దారు నోటీసిచ్చి ఖాళీ చేయించవచ్చు. మేం మొదటిదాని దగ్గరే ఆగాం. దావా వేసే స్థోమత మాకు లేదు, ఆ అవసరమూ రాలేదు.

అందరిదీ అన్న మాట

రేవు అనాదిగా అందరిదీ అని మేం మొదటి అర్జీలో రాశాం. అది చదివి మా ఊరి దళితపేటలో ఉండే ఒక పెద్దాయన, "ఎప్పుడు అందరిదయిందండీ? మా అమ్మ ఆ మెట్లు ఎక్కిందా?" అని అడిగారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మన డెల్టా ఊళ్లలో ఒకే కాలవ మీద ఎన్ని రేవులు ఉండేవో, ఏది ఎవరిదో చిన్నప్పటినుంచి అందరికీ తెలుసు. ఎగువన ఎవరు, దిగువన ఎవరు అన్నది నీళ్లు నిర్ణయించలేదు.

రాజ్యాంగం రాసినవాళ్లకు అది బాగా తెలుసు. అందుకే 15వ అధికరణంలో సమానత్వం గురించి చెప్పి ఊరుకోకుండా బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అని పేరుపేరునా రాశారు. ప్రభుత్వ సొమ్ముతో నడిచే, లేదా ప్రజలకు అంకితమైన ఆ చోట్లకు కులం, మతం, స్త్రీపురుష భేదం పేరుతో ఎవరినీ ఆపకూడదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో కూడా ఊరుమ్మడి వనరులు, స్నానఘట్టం, దారి, శ్మశానం వాడుకోనివ్వకుండా అడ్డుకోవడం నేరం. కాబట్టి పాత రేవును తెరవమని అడిగేవాళ్లు పాతకాలంలో ఎలా ఉందో అలాగే కావాలని అడగకూడదు. మేం అర్జీ మార్చి రాశాం. అనాదిగా అన్న మాట తీసేశాం. పేట నుంచి రేవుకి వచ్చే రెండో దారి కూడా బాగుచేయాలని చేర్చాం. పెద్దాయన తన సంతకం మొదటి వరుసలో పెట్టారు.

సంతకాల సంగతి కూడా చెప్పాలి. ఊళ్లో ఇలాంటి పని ఒక పార్టీ పనిగా కనబడితే అక్కడితో అయిపోయినట్టే. అందుకే మేం రెండు వైపులా ఉన్న వార్డు సభ్యులను ఒకే రోజు కలిశాం, ఒకే కాగితం మీద సంతకాలు తీసుకున్నాం. ఎవరి ఫొటో ఉన్న బ్యానరూ కట్టలేదు. నెలపాటు రోజూ రేవుకి ఎవరెవరు ఏ పనికి వస్తున్నారో ఇద్దరు డిగ్రీ అమ్మాయిలు నోటుబుక్కులో రాశారు. గేటు మూసే ఉన్నా గట్టు మీద నుంచి దిగేవాళ్లు చాలామందే ఉన్నారని తేలింది. బట్టలు, పశువులు, పిండాలు పెట్టడం, చేపలు, ఊరికే కూర్చోవడం. ఊరికే కూర్చోవడాన్ని కూడా రాయమని నేనే పట్టుబట్టాను. ఒంటరిగా ఉండే ముసలివాళ్లకు అదే పెద్ద పని.

తర్వాత అర్జీలో ఏం అడగాలో కుదించుకున్నాం. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో మొదటిసారి ఇచ్చిన కాగితం మూడు పేజీలు, దానికి "తగు చర్య నిమిత్తం పంపడమైనది" అని జవాబొచ్చింది. రెండోసారి అరపేజీ రాశాం. పొద్దున్న నాలుగున్నర నుంచి రాత్రి ఎనిమిది దాకా గేటు తీసి ఉండాలి, తాళంచెవి ఎవరి దగ్గరుందో వాళ్ల హోదా, ఫోన్ నంబరు గేటు మీద రాయాలి, రెండు వీధిదీపాలు వెయ్యాలి, పుంతను కొలిచి రాళ్లు పాతాలి. నాలుగు కోర్కెలకు నాలుగు ఆఫీసుల పేర్లు. మూసెయ్యడానికి కారణంగా చెప్పిన తాగుడు సమస్యకు మా వైపు నుంచి దారి చూపించాం. ఎనిమిది దాటాక మూసుకోమన్నాం. దీని మీద మాలో మాకే గొడవ జరిగింది. ఊరి రేవుకి రాత్రి మాత్రం తాళం ఎందుకని కుర్రాళ్లు అడిగారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. కానీ ఆడవాళ్లను అడిగితే, తెల్లవారుజామున తెరిచి ఉంటే చాలు, రాత్రి దీపం ఉన్నా తాము రామన్నారు. వాళ్ల మాటే ఖాయం చేశాం.

రేవులు తెరిచి ఉండటం ప్రాణాల సంగతి కూడా. 2015 జూలై 14న, పుష్కరాల మొదటి రోజు పొద్దున్న, రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి 27 మంది చనిపోయారు. జనమంతా ఒకే ఘాట్‌కు చేరితే ఎంత ప్రమాదమో గోదావరి జిల్లాల వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2027లో మళ్లీ పుష్కరాలు వస్తున్నాయి. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల మీద ఊరూరా ఉన్న చిన్న రేవులు బాగుండి, దారులు తెరిచి ఉంటే జనం తమ ఊరి దగ్గరే మునుగుతారు. పుష్కరాల నిధులు వచ్చినప్పుడు కొత్త ఘాట్లకు టైల్స్ వేయించడం మీద అందరికీ ఆసక్తి ఉంటుంది. ఉన్న రేవుకి ఉన్న దారిని కొలిపించి రాళ్లు పాతించడం మీద ఎవరికీ ఉండదు. మీ పంచాయతీ ప్రతిపాదనలు పంపేటప్పుడు ఆ రెండోదాన్ని చేర్చమని ఇప్పుడే అడగండి.

మా గేటు ప్రస్తుతం తీసే ఉంటోంది. ఫోన్ నంబరు పెయింటుతో రాశారు, ఒక దీపం వెలుగుతోంది, రెండోది ఇంకా వెయ్యలేదు. పుంత మాత్రం తేలలేదు. ప్రహరీ కట్టినాయన తన స్థలం కూడా కలిపి కొలిస్తే హద్దు ఎక్కడ తేలితే అక్కడికి గోడ జరుపుకుంటానని పంచాయతీలో రాసిచ్చాడు. పాత హద్దురాయి ఒకటి రేవు పక్కన నీళ్లలో మునిగి ఉందని పెద్దవాళ్లు చెబుతున్నారు. కాలవ పారుతుండగా అది కనబడదు. వేసవిలో కాలవలకు నీళ్లు ఆపేశాక వస్తానని మండల సర్వేయర్ చెప్పారు. ఆ రోజు పేట పెద్దాయన, ప్రహరీ ఆయన, నోటుబుక్కు అమ్మాయిలు అందరూ ఉండాలని మాట్లాడుకున్నాం. రాయి తీయడానికి గునపాలు మేమే తెస్తామన్నాం.